మిలిటరీ నర్సు జీవితాన్ని ఒక్క వాక్యంలో ముగించకండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు ఒక చిన్న వార్త కనిపిస్తుంది. ఫలానా ఊళ్లో తొంభై ఏళ్ల పెద్దావిడ కన్నుమూశారు, పెళ్లికి ముందు కొంతకాలం మిలిటరీలో నర్సుగా చేశారు, పిల్లలను ప్రయోజకులను చేసిన ఆదర్శమాత అని. భర్తగారి హోదా, కొడుకుల ఉద్యోగాలు, మనవలు ఏ దేశంలో స్థిరపడిందీ వివరంగా ఉంటాయి. ఆమె ర్యాంకు ఉండదు. ఏ ఆస్పత్రిలో, ఏ వార్డులో, ఏ యుద్ధకాలంలో పనిచేశారో ఉండదు. ఎందుకు కొంతకాలమే చేశారన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. 1950లు, 60ల్లో చేరినవారు ఇప్పుడు ఎనభైల్లో, తొంభైల్లో ఉన్నారు. వాళ్లు బతికుండగానే అడిగి రాసుకోవాల్సిన సంగతులు చాలా ఉన్నాయి. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ప్రచురించమని కోరుతున్నాం.

ముందు ర్యాంకు సంగతి. మిలిటరీ నర్సు అంటే సైనికాధికారి భార్య సరదాగా ఆస్పత్రికి వెళ్లి సాయం చేయడమని కొందరి ఊహ. 1943 నాటి ఆర్డినెన్సుతోనే సైనిక నర్సులకు కమిషన్, అంటే అధికారి హోదా, వచ్చింది. ఆమె చేరిన రోజునే లెఫ్టినెంటు. తర్వాత కెప్టెన్, మేజర్, అలా మేజర్ జనరల్ దాకా మెట్లున్నాయి. 1976లో గెర్‌ట్రూడ్ అలీస్ రామ్ ఆ చివరి మెట్టు ఎక్కారు. భారత సైన్యంలో మేజర్ జనరల్ అయిన మొదటి మహిళ ఆవిడే. వైద్య విభాగాలు కాక తక్కిన శాఖల్లోకి మహిళలను అధికారులుగా తీసుకోవడం మొదలైంది 1992లో. అంటే దానికి పదహారేళ్ల ముందే ఒక నర్సు భుజం మీద ఆ హోదా ఉంది. ఈ సేవ మూలాలు ఇంకా వెనక్కి వెళతాయి. 1888 మార్చి 28న పదిమంది బ్రిటిష్ నర్సులు బొంబాయిలో దిగారు. కాథరిన్ గ్రేస్ లాక్ వాళ్లకు పెద్ద. 1926 అక్టోబరు 1న ఇండియన్ మిలిటరీ నర్సింగ్ సర్వీసు శాశ్వత విభాగంగా ఏర్పడింది. కాబట్టి మరణవార్తలో పేరు ముందు "కెప్టెన్" అనో "మేజర్" అనో రాయడం మర్యాద కోసం అతికించే మాటలా చూడొద్దు. అది ఆమె సంపాదించుకున్న హోదా.

ఇక పని. "సేవలందించారు" అని రాసేస్తారు. ఆ మాట కింద ఏముందో కొంచెం చెప్పాలి.

ఇప్పటి సిరంజి పొట్లం చించి వాడి పారేసేది. ఆనాటిది గాజుది. గొట్టం వేరు, లోపలి పిస్టను వేరు. రెండిటి మీదా ఒకే నంబరు ఉంటుంది, ఒకదాని పిస్టను మరొకదానికి పట్టదు. వాటిని విడదీసి, గాజ్‌గుడ్డలో విడివిడిగా చుట్టి, చల్లటి నీళ్లలోనే స్టెరిలైజరులో పెట్టాలి. మరిగే నీళ్లలో వేస్తే గాజు పగులుతుంది. నీళ్లు కుతకుత ఉడకడం మొదలైన దగ్గర్నుంచి ఇరవై నిమిషాలు లెక్క. మధ్యలో ఇంకో సిరంజి వేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఉప్పునీళ్లయితే గాజు మీద తెల్లటి పొర కట్టి పిస్టను బిగుసుకుపోతుంది, ఇంజెక్షన్ మధ్యలో కదలదు. సూదులు కూడా మళ్లీ మళ్లీ వాడేవే. ఒక్కోదాని బోలులోకి సన్నటి తీగ దూర్చి శుభ్రం చేసి, మొన మొద్దుబారితే నూరి, దూది మీద గీసి చూసేవారు. దూది పోగు అంటుకుందంటే మొనకు కొక్కెం తేలినట్టు, మళ్లీ నూరాలి. ఈ పని జరిగేది రాత్రి డ్యూటీలో. పెన్సిలిన్ మూడు నాలుగు గంటలకొకసారి పడాలి, ఎందుకంటే మూత్రపిండాలు దాన్ని అంత తొందరగా బయటికి పంపేస్తాయి. నలభై పడకల వార్డులో పదిహేను మందికి ఆ సూది ఉంటే ఒక వరుస పూర్తయ్యేసరికి తర్వాతి వరుసకు సిరంజిలు ఉడకాలి.

డ్రస్సింగు డ్రమ్ము చాలామంది చూసే ఉంటారు, పక్కన చిల్లులున్న గుండ్రటి స్టీలు డబ్బా. అందులో గుడ్డలు కూరి కూరి పెడితే ఆవిరి నడిమికి వెళ్లదు. మడతల మధ్య చెయ్యి దూరేంత వదులుగా ఉండాలి. ఆటోక్లేవులో పెట్టేటప్పుడు చిల్లులు తెరిచి పెట్టాలి, తీసిన వెంటనే మూయాలి. 121 డిగ్రీల వేడి, చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం, గుడ్డలకైతే అరగంట. బయటికి వచ్చాక డ్రమ్ము తడిగా ఉంటే అది శుభ్రమైనట్టు కాదు, తడి గుడ్డ గుండా సూక్ష్మజీవులు లోపలికి పాకుతాయి. మొత్తం తీసి మళ్లీ పెట్టాలి. క్షతగాత్రులు బండ్లకొద్దీ దిగుతున్న రోజున ఈ "మళ్లీ" అనే నిర్ణయం తీసుకోవడానికి గుండె ధైర్యం కావాలి. తీసుకునేది వార్డు సిస్టరే.

యుద్ధగాయానికీ రోడ్డు ప్రమాద గాయానికీ తేడా ఉంది. తుపాకి గుండు, షెల్లు ముక్క లోపలికి మట్టినీ, యూనిఫాం పీలికలనూ మోసుకుపోతాయి. చుట్టూ ఉన్న కండ చచ్చిపోతుంది. అలాంటి గాయాన్ని శుభ్రం చేసి వెంటనే కుట్టేస్తే గాలి తగలని చోట గ్యాస్ గ్యాంగ్రీన్ అనే, కండ కుళ్లిపోయే జబ్బు పుడుతుంది. అందుకే చచ్చిన కండ తీసేసి, తెరిచి ఉంచి, నాలుగైదు రోజుల తర్వాత శుభ్రంగా ఉంటేనే కుడతారు. ఆ నాలుగైదు రోజులూ ఆ గాయం నర్సు చేతిలో ఉంటుంది. గాజ్ వదులుగా పరచాలి. బిగించి కూరితే లోపలి చీము బయటికి రాదు. కాలు పిండికట్టులో ఉంటే నొప్పి, వేళ్లు పాలిపోవడం, నాడి అందకపోవడం, తిమ్మిరి, వేళ్లు కదలకపోవడం అనే ఐదింటినీ గంటగంటకూ చూడాలి. కట్టు బిగుసుకుందంటే పిండి ఒక్కటే కోస్తే చాలదు, లోపలి దూదిపట్టీ కూడా చర్మం దాకా నిలువునా కోయాలి. రక్తం ఇంకి ఎండిన దూదిపట్టీ పిండికట్టు కన్నా గట్టిగా నొక్కుతుంది. డాక్టరు ఆపరేషన్ గదిలో ఉంటే ఆ సంగతి కనిపెట్టాల్సింది ఆమె. ఆలస్యమైతే ఆ కుర్రాడి కాలు పోతుంది.

సెలైను కూడా గాజు సీసాల్లో వచ్చేది. సీసాలోకి గాలి వెళ్లే సూది వేరుగా గుచ్చాలి, లేకపోతే కొంత దిగాక లోపల శూన్యం ఏర్పడి చుక్క ఆగిపోతుంది. కొత్తవాళ్లు నరం దగ్గర వెతుకుతూ కూర్చుంటారు, తప్పు పైన సీసా దగ్గర ఉంటుంది. వేగానికి యంత్రాలు లేవు. అర లీటరు నాలుగు గంటల్లో వెళ్లాలంటే గంటకు 125 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు ఇరవై చుక్కల సెట్టు అయితే నిమిషానికి సుమారు 42 చుక్కలు. ఛాతీకి పిన్నుతో తగిలించుకున్న గడియారం చూస్తూ లెక్కపెట్టాలి. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లను రెండు గంటలకొకసారి, తల, భుజం, నడుము ఒకే దుంగలా కదిలేట్టు నలుగురు పట్టి తిప్పాలి. ఒక్క రాత్రి ఆ తిప్పడం తప్పితే తుంటి ఎముక మీద చర్మం ఎర్రబడుతుంది, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది.

1984 ఏప్రిల్‌లో సియాచిన్ మీద సైన్యం నిలిచిన దగ్గర్నుంచి ఇంకో పని తోడైంది. మంచుకు కొరుక్కుపోయిన వేళ్లతో జవాన్లు కిందికి వచ్చేవారు. లేహ్‌లోని 153 జనరల్ హాస్పిటల్ పేరు ఆ సేవలో పనిచేసినవారికందరికీ తెలుసు. గడ్డకట్టిన కాలిని రుద్దకూడదు, మంటకు చూపకూడదు. స్పర్శ లేని చర్మం కాలిపోయినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల నీటిలో ముంచి, నీరు చల్లారకుండా కలుపుతూ, రంగు తిరిగి మెత్తబడేదాకా ఉంచాలి. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉన్నచోట అసలు కరిగించకూడదు, రెండోసారి గడ్డకడితే నష్టం ఇంకా ఎక్కువ. కరుగుతున్నప్పుడు వచ్చే నొప్పి భరించలేనిది. ఇరవై రెండేళ్ల కుర్రాడు "సిస్టర్" అని చెయ్యి పట్టుకుని అరుస్తుంటే, నీటి వేడి థర్మామీటరులో చూస్తూ నిలబడాలి. "సేవ" అంటే ఇది.

ఇప్పుడు ఆ "కొంతకాలం" దగ్గరికి వద్దాం. 1977లో వచ్చిన 61వ నంబరు ఆర్మీ ఇన్‌స్ట్రక్షన్‌లో సైనిక నర్సు ఉద్యోగాన్ని రద్దు చేయగల కారణాలు రాసి ఉన్నాయి. మెడికల్ బోర్డు పనికిరాదని తేల్చడం ఒకటి. తప్పుడు నడవడి, ఒప్పందం ఉల్లంఘించడం, పని బాగాలేకపోవడం లాంటివి మరికొన్ని. వాటి మధ్యలో, అదే వరుసలో, పెళ్లి చేసుకోవడం. ఈ షరతు మహిళా నర్సింగ్ అధికారులకే. పక్క వార్డులో డాక్టరుగా ఉన్న మగ అధికారి పెళ్లి చేసుకుంటే విందు, నర్సు చేసుకుంటే ఇంటికి. ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉపసంహరణ 1995 ఆగస్టు 29న గానీ జరగలేదు.

ఇది మన ఊరికి సంబంధించిన కథ కూడా. సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌లో లెఫ్టినెంటుగా కమిషన్ పొందిన సెలీనా జాన్ ఒక సైనికాధికారిని పెళ్లి చేసుకున్నారు. 1988లో ఆమెను సర్వీసు నుంచి పంపేశారు. ఆమె ఊరుకోలేదు. లక్నోలోని సాయుధ దళాల ట్రిబ్యునల్ 2016లో ఆమె పక్షాన తీర్పు చెప్పింది. కేంద్రం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. 2024 ఫిబ్రవరిలో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా ధర్మాసనం ఆ నిబంధన స్పష్టంగా ఏకపక్షమని, లింగవివక్ష అని తేల్చింది. ఎనిమిది వారాల్లో 60 లక్షల రూపాయలు చెల్లించాలని, ఆలస్యమైతే 12 శాతం వడ్డీ ఇవ్వాలని ఆదేశించింది. 1988 నుంచి 2024 దాకా ముప్పై ఆరేళ్లు. ఉద్యోగం చేయాల్సిన వయసంతా గడిచిపోయింది. కోర్టుకు వెళ్లనివాళ్ల సంగతి ఎవరు లెక్కపెట్టారు?

అందుకే "పెళ్లయ్యాక కుటుంబం కోసం ఉద్యోగం వదులుకున్నారు" అని రాసే ముందు ఒక్కసారి ఆగి అడగమంటున్నాం. వదులుకున్నారా, వదిలించారా? పిల్లల మీద ప్రేమతో మానేసినవాళ్లూ ఉన్నారు, అది వాళ్ల ఇష్టం, గౌరవించాల్సిందే. నిబంధన మానిపిస్తే దాన్ని త్యాగం అని రాయడం ఆమెకు రెండో అన్యాయం. పెళ్లి మాట ఎత్తకుండా ముప్పై ఏళ్లు యూనిఫాంలోనే గడిపి, చెల్లెళ్ల పిల్లలను చదివించి, వాళ్లచేతే అమ్మా అనిపించుకున్నవారూ ఉన్నారు. వాళ్ల గురించి రాసేటప్పుడు "అవివాహిత" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి.

ఈనాడు సాయుధ దళాల మహిళా అధికారులకు 180 రోజుల ప్రసూతి సెలవు, సర్వీసు మొత్తంలో 360 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. 2023 నవంబరులో మహిళా జవాన్లకూ ఇవే వర్తింపజేయడానికి రక్షణ మంత్రి ఆమోదం తెలిపారు. మంచిదే.

కుటుంబాలకు చెప్పాల్సినది ఇంకొకటి ఉంది, దీర్ఘాయువు ఉన్నవాళ్లకు ఇది చాలా అవసరం. పింఛను వచ్చే సైనిక నర్సుకు ఎనభై ఏళ్లు నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనంగా రావాలి. 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు 100 శాతం. ఇది రాకుండా పోయేది ఎక్కువగా పుట్టిన తేదీ దగ్గర. పింఛను చెల్లింపు ఉత్తర్వు అయిన పీపీవోలో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ ఉంటుంది. సైన్యానికి సర్వీసు రికార్డులో ఉన్న తేదీయే ప్రమాణం, కాబట్టి పదో తరగతి సర్టిఫికెట్టు, డిశ్చార్జి కాగితం చూసి ఆధార్‌ను దానికి సరిచేయించుకోవడమే దగ్గర దారి. రెండోది పేరు. నర్సుగా చేరినప్పుడు పుట్టింటి ఇంటిపేరు, తర్వాత అత్తింటి పేరు. రికార్డులో మొదటిదే ఉండిపోతుంది. ఆమె ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. ఆమె పోయాక భర్త దరఖాస్తు పెడితే ఇద్దరికీ సంబంధం కనబడదని వెనక్కి పంపుతారు. భార్య పోతే భర్తకు కూడా కుటుంబ పింఛను వస్తుందని, అది చివరి జీతంలో 30 శాతమని చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. సైనిక పింఛను అంటే మగవాడిది, కుటుంబ పింఛను అంటే భార్యది అనే అలవాటు అంతగా నాటుకుపోయింది. పనిచేయలేని వైకల్యం ఉన్న బిడ్డ ఉంటే ఆ బిడ్డ పేరు తల్లి బతికుండగానే పీపీవోలో ఎక్కించాలి. రక్షణ శాఖ పింఛన్ల కోసం ఉన్న స్పర్శ్ పోర్టల్‌లో పేర్లు, తేదీలు, ఫోను నంబరు ఇప్పుడే చూసుకోండి. లైఫ్ సర్టిఫికెట్ ఏటా తప్పకుండా ఇవ్వాలి. ఎనభై దాటినవాళ్లు అక్టోబరులోనే ఇవ్వొచ్చు, నవంబరు దాకా ఆగనక్కర్లేదు. పోర్టల్ అర్థం కాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పీపీవో నకలు తీసుకుని వెళ్లండి. నర్సులు మాజీ సైనికుల కిందికి రారని అక్కడ ఎవరైనా అంటే, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పంజాబ్‌కు చెందిన ఒక ఉద్యోగ నియామకం కేసులో ఆ రాష్ట్ర నిబంధనల ప్రకారం సైనిక నర్సింగ్ అధికారి కూడా మాజీ సైనికురాలేనని తీర్పు ఇచ్చిందని చెప్పండి.

కొద్ది ఏళ్లకే బయటికి వచ్చినవారికి పింఛను లేదు. వాళ్లకు మిగిలేవి ఒక కమిషన్ పత్రం, ఒకటి రెండు పతకాలు, నాలుగు ఫొటోలు. వీటిని పాడుచేసేది సాధారణంగా ప్రేమగా చూసుకునేవాళ్లే. పతకం నల్లబడిందని చింతపండుతోనో పాలిష్‌తోనో తోమేస్తారు. పతకం అంచు మీదో వెనకో నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. నాలుగుసార్లు తోమితే ఆ అక్షరాలు అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేయండి. ముందుగా ఆ అంచును పక్కనుంచి వెలుతురు పడేట్టు పెట్టి ఫొటో తీసుకోండి. పతకం పేరే ఆమె ఎక్కడ పనిచేసిందో చెబుతుంది. పూర్వీ స్టార్ అంటే 1971లో తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ అంటే పడమటి రంగం. సమర్ సేవా స్టార్ 1965 యుద్ధానిది. సైన్య సేవా పతకం రిబ్బను మీద అడ్డంగా ఉన్న చిన్న పట్టీ మీద హిమాలయ అనో, నాగాలాండ్ అనో, జమ్మూ కశ్మీర్ అనో ఉంటుంది. రిబ్బను చిరిగిందని ఆ పట్టీతో సహా పారేయకండి. కమిషన్ పత్రాన్ని లామినేషన్ చేయించొద్దు. ఆ వేడికి సిరా చెదురుతుంది, ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. స్కాన్ చేయించి, అసలుది విప్పి పరిచి కాగితం కవరులో పెట్టండి. ఫొటోల వెనక బాల్‌పెన్‌తో రాస్తే ముందువైపు గీత తేలుతుంది, మెత్తటి పెన్సిలుతో రాయండి. పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు ఆమె నోటితోనే చెప్పించి రాసుకోండి. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఆమె తప్ప ఇంట్లో ఇంకెవరూ ఉండరు.

ఆమెను అడిగేటప్పుడు "అమ్మా, నీ అనుభవాలు చెప్పు" అంటే రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. "రాత్రి డ్యూటీకి ఎంతమంది ఉండేవాళ్లు? సూదులు ఎక్కడ ఉడకబెట్టేవాళ్లు? మొదటి పోస్టింగుకి రైల్లో ఎవరు దిగబెట్టారు? రిలీజ్ ఆర్డరులో కారణం ఏమని రాశారు?" అని అడగండి. వస్తువు గురించి అడిగితే మనుషులు గుర్తొస్తారు.

మీ విలేకరులకు మనవి ఒక్కటే. ఇలాంటి మరణవార్త వచ్చినప్పుడు ర్యాంకు, చేరిన ఏడాది, బయటికి వచ్చిన ఏడాది, కారణం అడగండి. విశాఖపట్నంలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి అయినా, సికింద్రాబాద్ అయినా, లేహ్ అయినా ఆస్పత్రి పేరు రాయండి. ఇంట్లో కాగితాలు దొరక్కపోతే పతకాల ఫొటో పంపమనండి, దాన్నిబట్టి ఆమె ఏ రంగంలో ఉందో ఏ మాజీ సైనికుడైనా అరనిమిషంలో చెబుతాడు. యూనిఫాంలో ఉన్న ఫొటో ఉంటే అదే వేయండి.

ఇట్లు,
సైనిక నర్సింగ్ సేవలో పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న కొందరు అధికారులు,
సికింద్రాబాద్